డిపాజిట్టు తిరిగొచ్చేది ఇచ్చిన రోజునే

(ఉద్యోగుల కుటుంబ సమ్మేళనంలో విశ్రాంత లా ఆఫీసరు ఒకరు చేసిన ప్రసంగం)



నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు నిర్వాహకులు ఒక షరతు పెట్టారు. "చట్టం గురించే చెప్పండి సార్, కానీ ఎవరికీ నిద్ర రాకూడదు" అన్నారు. షరతు పెట్టినవాళ్లే నా వంతు భోజనాల తర్వాత వేశారు. అందుకని చట్టంతో మొదలుపెట్టను. మా ఇంట్లో జరిగిన 14,000 రూపాయల కథతో మొదలుపెడతాను. ఈ కథలో తప్పు ఎవరిదో చివర్లో చెబుతాను. ముందే చెబితే మా ఆవిడ సంతోషిస్తుంది కానీ మీరు వినరు.

మా అమ్మాయి సివిల్స్ పరీక్షలకి చదువుకోవడానికి ఢిల్లీ వెళ్లింది. దక్షిణ ఢిల్లీలో బేర్ సరాయ్ అని ఒక పాత ఊరు ఉంది. జే.ఎన్.యూ. పాత క్యాంపస్ పక్కనే. ఐఐటీకి నడిచి వెళ్లొచ్చు. సరాయ్ అంటే మన సత్రం లాంటిది. ఆ చుట్టుపక్కల జియా సరాయ్, కట్వారియా సరాయ్, కాలూ సరాయ్ అని ఇంకా ఉన్నాయి. పేరుకు తగ్గట్టే ఇప్పటికీ అవి బాటసారుల ఊళ్లే. పోటీ పరీక్షల పుస్తకాల కొట్లు, జిరాక్సు షాపులు, సన్నటి సందులు, ఒకదాని మీద ఒకటి లేచిన అంతస్తులు, ప్రతి అంతస్తులో గదులు, ప్రతి గదిలో ఎవరో ఒకరి పిల్లలు. ఆ సందుల్లో నడుస్తుంటే మన తెలుగు కూడా చెవిన పడుతుంది.

2023 జూన్‌లో గది వెతికాం. వెతికాం అంటే అమ్మాయి వెతికింది, నేను గుంటూరులో కూర్చుని ఫోన్లో సలహాలిచ్చాను. అక్కడ గదులు చూపించేవాళ్లని ప్రాపర్టీ డీలరు అంటారు. ఆయన మూడో అంతస్తులో ఒక గది చూపించి లెక్క చెప్పాడు. అద్దె 14,000. ఒక నెల ఎడ్వాన్స్, ఒక నెల సెక్యూరిటీ, అర నెల కమిషన్. మొత్తం 35,000. ఎడ్వాన్సూ కమిషనూ అమ్మాయి ఫోన్లోంచి పంపింది. సెక్యూరిటీ మాత్రం నగదుగా కావాలన్నాడు. "ఓనరు పెద్దమనిషి, ఫోన్ డబ్బులు ఆయనకి తెలియవు, నేనే ఆయన చేతికిస్తాను" అన్నాడు. అమ్మాయి నాకు ఫోన్ చేసింది.

"నాన్నా, క్యాష్ అడుగుతున్నాడు. ఇవ్వనా?"

నేనేమన్నానో తెలుసా? "ఇచ్చెయ్యి తల్లీ, గొడవెందుకు. రసీదు ఒకటి తీసుకో" అన్నాను. అమ్మాయి ఏటీఎంకి వెళ్లి డబ్బు తీసి ఇచ్చింది. రసీదు తీసుకుని ఫొటో పంపింది. అందులో "ఎడ్వాన్స్ 14,000 అందింది" అని ఉంది. చూశాను. సరే అన్నాను.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. మనకి, అంటే గుంటూరులోనో వరంగల్లులోనో ఇల్లు అద్దెకి తీసుకునేవాళ్లకి, అడ్వాన్సు అంటే ఏమిటి? ఓనరు దగ్గర ఉంచి, ఖాళీ చేసేటప్పుడు తిరిగి తీసుకునే డబ్బు. "రెండు నెలల అడ్వాన్సు" అంటే మనకి డిపాజిట్టే. ఢిల్లీలో అలా కాదు. అక్కడ ఎడ్వాన్స్ అంటే ముందుగా కట్టే మొదటి నెల అద్దె. తిరిగొచ్చే డబ్బుకి పేరు సెక్యూరిటీ. నా కూతురి చేతిలో ఉన్న రసీదు మొదటి నెల అద్దెది. డిపాజిట్టుకి ఏ కాగితమూ లేదు. ముప్ఫై ఏళ్లు మనవాళ్ల అప్పుపత్రాల్లో ఒక్కో అక్షరం వెతికి పట్టుకున్న నేను, ఆ కాగితాన్ని తెలుగు కళ్లతో చదివి సరే అన్నాను.

పదకొండు నెలలు గడిచాయి. ఆ పదకొండు నెలలేమిటని చాలామంది అడుగుతారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం, ఏడాది దాటిన గడువుకి రాసుకునే అద్దె ఒప్పందాన్ని తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చూ తిప్పలూ తప్పించుకోవడానికి దేశమంతా పదకొండు నెలలు రాసుకుంటుంది. 2024 మే నెలలో అమ్మాయి కట్వారియా సరాయ్‌లో ఇంకో గదికి మారింది. నెల ముందే వాట్సాప్‌లో చెప్పింది, గది ఊడ్చి తాళాలిచ్చింది. "పది రోజుల్లో సెక్యూరిటీ వస్తుంది" అన్నాడు డీలరు.

పది రోజులు ఇరవై అయ్యాయి. తర్వాత ఒక లెక్క వచ్చింది. రంగులకి 8,000, శుభ్రం చేయించడానికి 2,000, కరెంటుకి 4,000. కూడితే సరిగ్గా 14,000. మన క్యాషియర్లకి కూడా సాయంత్రం అంత చక్కగా టాలీ అవ్వదు. ఆ తర్వాత ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు. ఓనరుని అడిగితే "నీ డబ్బు నాకు అందలేదమ్మా, డీలరుని అడుగు" అన్నాడు.

ఇదంతా నాకు ఎప్పుడు తెలిసింది? అక్టోబరులో, దసరాకి అమ్మాయి ఇంటికొచ్చినప్పుడు. అది కూడా నాకు కాదు, మా ఆవిడకి. తలకి నూనె పెడుతూ మెడ చూసింది. వాళ్ల నానమ్మ ఇచ్చిన గొలుసు లేదు. మొదట పెట్టెలో ఉందన్నది, తర్వాత ఏడ్చింది. కొత్త గదికి సెక్యూరిటీ కట్టాలి, పాత గది డబ్బు రాలేదు, ఇంట్లో అడగలేదు. గొలుసు కుదువ పెట్టింది. నేను సర్వీసులో ఎన్ని బంగారు రుణాల దస్తావేజులు చూశానో లెక్కలేదు. నా కూతురు గొలుసు పట్టుకుని ఒక్కతే వేరే కౌంటరు ముందు నిలబడింది.

నాకు కోపం వచ్చింది. ముందుగా నా నోట వచ్చిన మాట "రసీదు ఏదీ?" అని. అమ్మాయి ఫోన్ తీసి ఆ ఫొటో చూపించింది. "నీకు పంపాను కదా నాన్నా, నువ్వే సరే అన్నావు" అంది. అంతకు మించి ఏమీ అనలేదు. ఐదు నెలలు ఎందుకు చెప్పలేదని వాళ్లమ్మ అడిగితే "నాన్న రసీదు అడుగుతారని" అంది.

అమ్మలారా, అయ్యలారా, 14,000 పోతే సంపాదించుకుంటాం. ఆ ఒక్క మాట మాత్రం నాకు ఇప్పటికీ మర్చిపోవడం చేతకాలేదు.

సరే. ఆ రాత్రి ముగ్గురం భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాం. ఎవరి దగ్గర ఏ ఆధారం ఉందో తీశాం. మీరు కూడా ఇలాగే చేయవచ్చు కాబట్టి వరసగా చెబుతాను.

మొదటిది, అమ్మాయి ఖాతా స్టేట్‌మెంటు. డబ్బిచ్చిన రోజునే ఏటీఎంలో 14,000 తీసినట్టు ఉంది. అది ఒక్కటే చాలదు, ఎందుకు తీసిందో స్టేట్‌మెంటు చెప్పదు. కానీ తేదీ చెబుతుంది. బ్యాంకు ధ్రువీకరించి ఇచ్చిన ఖాతా నకలుని కోర్టు ఆధారంగా తీసుకుంటుంది. దానికోసం 1891 నుంచీ బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ చట్టం ఉంది. మన కౌంటర్లో రోజూ ఇచ్చే కాగితమే అది.

రెండోది, డీలరు పంపిన ఆ లెక్క. "సెక్యూరిటీలోంచి రంగులకి ఇంత, కరెంటుకి ఇంత కోస్తున్నాను" అని వాట్సాప్‌లో రాశాడు. కోస్తున్నాడంటే ఉన్నట్టే కదా! సెక్యూరిటీ తీసుకున్నానని ఆయన రాసివ్వని రసీదు ఆ సందేశమే. పిల్లలకి చెప్పండి, కోపంతో అలాంటి సందేశాలు చెరిపేస్తారు. చెరపకూడదు. మాట్లాడుకున్నాక కూడా "ఇందాక మీరు ఇలా అన్నారు" అని ఒక వాక్యం రాసి పంపాలి. ఫోన్ మాట గాలికి పోతుంది, రాసిన మాట నిలుస్తుంది.

మూడోది, కరెంటు. నెలనెలా సబ్‌మీటరు చూసి అమ్మాయి ఓనరు ఇంట్లోవాళ్లకి ఫోన్లోంచే డబ్బు పంపింది. పదకొండు చెల్లింపులూ ఉన్నాయి.

నాలుగోది మా ఆవిడ ఫోన్లో దొరికింది. గదిలో దిగిన రోజు అమ్మాయి వాళ్లమ్మకి "ఇదిగో మా ప్యాలెస్" అని ఆరు ఫొటోలు పంపింది. అందులో ఒకదాంట్లో మంచం వెనక గోడకి చెమ్మ, పెచ్చులూడిన రంగు స్పష్టంగా ఉన్నాయి. 8,000 ఏ గోడకి అడిగాడో ఆ గోడే. లా ఆఫీసరు దగ్గర లేని సాక్ష్యం వాళ్లమ్మ దగ్గర ఉంది. ఆవిడ ఫొటోలు చెరపదని ఎన్నోసార్లు వేళాకోళం చేశాను. ఆ రోజు నుంచి మానేశాను.

ఇప్పుడు చట్టం. కొంచెమే చెబుతాను.

ఢిల్లీలో 1958 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది. నెలకి 3,500 రూపాయలు మించిన అద్దెలకి అది వర్తించదని 1988లో సవరించారు. ఇవాళ బేర్ సరాయ్‌లో అంతకి గది దొరకడం కష్టం. 1995లో పార్లమెంటు ఢిల్లీకి కొత్త అద్దె చట్టం చేసింది కానీ అమలులోకి తేలేదు. 2021లో కేంద్రం నమూనా అద్దె చట్టం తయారుచేసింది. నివాసానికి రెండు నెలల అద్దెకి మించి డిపాజిట్టు తీసుకోకూడదనీ, ఖాళీ చేసి ఇల్లు అప్పగించిన రోజునే, రావలసినవి మినహాయించుకుని తిరిగివ్వాలనీ అందులో ఉంది. కానీ అది నమూనా. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చట్టం చేసుకుంటేనే పనిచేస్తుంది. కాబట్టి మన పిల్లల గది విషయంలో ముఖ్యంగా పనికొచ్చేవి ఒప్పందం కాగితం, పాత చట్టాలు రెండు.

ఒకటి, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అద్దెకున్నవాడు ఇంటిని ఎలా తీసుకున్నాడో అలా అప్పగించాలి, కానీ మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకి బాధ్యుడు కాడు అని దాని 108వ సెక్షను చెబుతుంది. గోడకి మేకు దిగ్గొట్టి పగలగొడితే మనదే ఖర్చు. ఏడాదిలో రంగు వెలిస్తే మనది కాదు.

రెండోది, 1872 నాటి కాంట్రాక్టు చట్టం. ఏజెంటు తన యజమాని తరఫున, ఆయన అనుమతితో చేసిన పనికి యజమాని కట్టుబడాలి. ఓనరు "నాకు అందలేదు" అంటే, అది ఆయనకీ డీలరుకీ మధ్య తేల్చుకోవలసిన లెక్క. ఓనరు తరఫున కాదు, నా సొంతానికే తీసుకున్నానని డీలరు అంటే, అప్పుడు ఇవ్వవలసింది డీలరే. ఎటు తిరిగినా ఒకరు ఇవ్వాలి. పిల్లలు చేసే పొరపాటేమిటంటే, ఈ ఇద్దరి మధ్యా బంతిలా తిరుగుతారు. అలా తిరగకుండా ఇద్దరి పేర్లూ ఒకే ఉత్తరంలో రాయాలి.

నేను మొదట రాసిన నోటీసు ఇంగ్లీషులో నాలుగు పేజీలు. మన ఎగవేతదారులకి రాసే ధోరణిలో, చదివితే నాకే భయమేసేలా రాశాను. అమ్మాయి చదివి, "నాన్నా, ఇది చదివి ఆయన వకీలు దగ్గరికి వెళతాడు, నాకు డబ్బివ్వడు" అంది. తనే హిందీలో ఒక పేజీ రాసింది. గదిలో చేరిన తేదీ, ఖాళీ చేసిన తేదీ, ఇచ్చిన డబ్బు, రంగుల గురించి ఈ ఫొటో, కరెంటు గురించి ఈ చెల్లింపులు. పదిహేను రోజుల్లో నా ఖాతాకి పంపండి, లేకపోతే జిల్లా న్యాయ సేవల అథారిటీకి వెళతాను. అంతే. ఓనరుకొకటి, డీలరుకొకటి స్పీడ్ పోస్టులో వెళ్లాయి. తిట్టు ఒక్కటీ లేదు.

పదిహేను రోజుల్లో ఓనరు ఫోన్ చేశాడు, డీలరు చేయలేదు. అప్పుడు అన్నంత పనీ చేసింది. ఈ న్యాయ సేవల అథారిటీ గురించి మన కుటుంబాల్లో తెలిసినవాళ్లు తక్కువ. 1987 నాటి న్యాయ సేవల అథారిటీల చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఫోన్ నంబరు 15100. కేసు వేయకముందే లోక్ అదాలత్ ద్వారా రాజీకి అడగవచ్చు, దానికి కోర్టు ఫీజు ఉండదు. అక్కడ ఇద్దరూ ఒప్పుకుని తీర్పు తీసుకుంటే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. ఒప్పుకోకపోతే కోర్టు దారి ఎలాగూ ఉంటుంది. ఇలాంటి బాకీకి మామూలుగా మూడేళ్ల కాలపరిమితి. "ఏడాదైపోయింది కదా, ఇంకేం వస్తుంది" అని వదిలేయనక్కర్లేదు.

ఇంకో దారి వినియోగదారుల కమిషన్. ఓనరుతో ఉన్న ఉత్త అద్దె తగాదా అక్కడ సాధారణంగా నిలవదు. కానీ కమిషన్ పుచ్చుకుని సేవ చేసిన డీలరు ఆ సేవలో లోపం చేస్తే 2019 చట్టం కింద ఫిర్యాదు చేయవచ్చు. గడువు రెండేళ్లు. చెల్లించినది 5 లక్షల లోపయితే ఫీజు లేదు. సలహాకి 1915కి ఫోన్ చేయవచ్చు. పోలీసు స్టేషనుకి వెళితే మాత్రం చాలాసార్లు "ఇది సివిల్ వ్యవహారం" అంటారు. బెదిరింపులుంటేనో, సామాను లోపల పెట్టి తాళం వేస్తేనో తప్పకుండా వెళ్లాలి.

మా సంగతి 2025 జనవరిలో తేలింది. పిలుపు అందాక డీలరు, ఓనరు ఇద్దరూ వచ్చారు. అమ్మాయి ఒక్కతే వెళ్లింది, నేను వస్తానంటే వద్దంది. ఫొటో చూసి రంగుల మాట వదిలేశారు. చెల్లింపులు చూసి కరెంటు మాట వదిలేశారు. శుభ్రం చేయించినందుకు 1,500 అడిగారు. అమ్మాయి ఒప్పుకుంది. 12,500 అక్కడికక్కడే ఫోన్‌కి వచ్చింది. 1,500 ఎందుకు వదిలావని నేను అడగబోయి ఆగాను. ఆ రోజు తనకి పరీక్ష నెలలు దగ్గరపడుతున్నాయి. ఇంకో వాయిదాకి వెళ్లి కూర్చునే పూట ఖరీదెంతో తనకే తెలుసు. గొలుసు మాత్రం వడ్డీతో సహా కట్టి విడిపించాం. ఆ వడ్డీ నేను కట్టాను. అది నా జరిమానా.

తప్పు ఎవరిదో చెబుతానన్నాను. డబ్బు ఆపినవాడిది ఎలాగూ ఉంది. నాది కూడా ఉంది. డిపాజిట్టు తిరిగి రాబట్టుకునే పని ఖాళీ చేసిన రోజున మొదలవుతుందని అనుకున్నాను. అది డబ్బు ఇచ్చే రోజునే అయిపోవాలి.

మన కౌంటరు గుర్తు తెచ్చుకోండి. ఎవరైనా ఫిక్స్‌డ్ డిపాజిట్టు వేస్తే ఏం రాసిస్తాం? ఎవరి పేరున, ఎంత, ఎప్పుడు తిరిగి ఇస్తాం, ముందే తీస్తే ఎంత కోత. ఈ నాలుగూ లేని కాగితం మన బ్యాంకులో ఎవరైనా పుచ్చుకుంటారా? మరి మన పిల్లల డిపాజిట్టుకి ఎందుకు పుచ్చుకోవాలి? అందుకని నాలుగు వాక్యాలు చెబుతాను, ఫోన్లో రాసుకోండి.

"ఫలానా గదికి సెక్యూరిటీ డిపాజిట్టుగా ఇంత సొమ్ము ఈ తేదీన అందింది. ఇది అద్దె కాదు. ఇంటి యజమాని ఫలానావారి తరఫున తీసుకున్నాను. గది ఖాళీ చేసి తాళాలు ఇచ్చిన రోజున, బాకీ ఉన్న అద్దె, కరెంటు, బిల్లు చూపిన మరమ్మతుల ఖర్చు మాత్రమే మినహాయించి తిరిగి ఇస్తాను."

హిందీలోనో ఇంగ్లీషులోనో రాయించి, డీలరుతోనూ వీలైతే ఓనరుతోనూ సంతకం చేయించాలి. డబ్బు ఖాతా నుంచి ఖాతాకి, వీలైతే నేరుగా ఓనరు ఖాతాకి పంపాలి. నగదే కావాలంటే సంతకం పడ్డాకే చేతికివ్వాలి. బేర్ సరాయ్ లాంటి పాత ఊళ్లలో ఇంటి కాగితాలు అన్నిచోట్లా ఒక తీరుగా ఉండవు. కనీసం కరెంటు బిల్లు మీద ఎవరి పేరుందో చూడాలి. దిగిన రోజు గోడలు, కుళాయిలు, గీజరు, తలుపులు, మీటరు అంకె ఫొటోలు తీసి డీలరుకి పంపాలి. వాళ్లమ్మకి కూడా పంపాలి. ఖాళీ చేసే రోజున అవే కోణాల్లో మళ్లీ తీయాలి, తాళాలు ఇచ్చినట్టు ఒక సందేశం పెట్టాలి.

ఇక పెద్దవాళ్లకి ఒక మాట. ఇవాళ రాత్రి ఇంటికెళ్లాక, దూరంగా ఉన్న మీ పిల్లలకి ఫోన్ చేయండి. "నీ డిపాజిట్టు కాగితం ఏదీ" అని మొదలుపెట్టకండి. "నీ డబ్బు ఎవరిదగ్గరైనా ఇరుక్కుందా? ఉంటే చెప్పు, ఇద్దరం చూద్దాం" అనండి. లేదంటే సంతోషం. ఉందంటే, వాళ్లు చెప్పేదంతా అయ్యేదాకా రసీదు మాట ఎత్తకండి. నేను ఎత్తి చూశాను కాబట్టి చెబుతున్నాను.

మా అమ్మాయి ఇప్పుడు ఉన్న గదికి ఆ నాలుగు వాక్యాల కాగితం ఉంది. సంతకం చేసేటప్పుడు ఆ ఓనరుగారు "ఇదంతా ఎవరు నేర్పారమ్మా, మీ నాన్న వకీలా?" అని అడిగారట. "కాదండీ, బ్యాంకు" అందట.